పడుగు మీద వాలిన ఎర్ర తూనీగలు

సరోజా,

జ్వరం నిన్ను తీసుకుపోయి నేటికి ఏడాది. ఈ ఉదయం మన ఎమ్మిగనూరు వీధిలో, నువ్వున్నప్పటిలాగే, మగ్గానికి ఎక్కించే పోగుల పడుగు పరిచి గంజి పట్టించాం. కాలువకు నీళ్ళొచ్చాయి కదా, తూనీగలూ వచ్చాయి. ఎర్రవి రెండు పడుగులోని వెదురుబద్ద మీద వాలాయి.

నీ చెల్లెలు గిరిజ వాటిని చూసి, "నాయనా, రెండూ ఒకటేనా?" అంది. ఒకటేనన్నాను. నా కళ్ళకు ఎరుపంతా ఎరుపే. నువ్వుంటే నన్ను ఊరికే వదిలేదానివి కాదు.

అవతల పోగులు సరిచేస్తున్న మీ అమ్మ తలెత్తకుండానే అంది: "ఒకటి కాదు. వీపు సూడు. ఒకదానికి తోక పొడుగునా సన్నగా నల్లగీత ఉంటాది. ఇంగోదానికి గీత ఉండదు. ఒళ్ళు గులాబీ కలిసిన ఎరుపు, రెక్కల్లో ఈనెలు గూడా ఎర్రగుంటాయి."

నా చేతిలో గంజి కుంచె ఆగిపోయింది. అవి నీ మాటలు. నువ్వు చెప్పినప్పుడల్లా "పని సూడవే" అని కసిరేదే తప్ప, ఆమె వింటోందని నేనెప్పుడూ అనుకోలేదు. ఈ ఏడాదిలో నీ ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. నీ బట్టలు ఎక్కడ పెట్టిందో నేనూ అడగలేదు.

గిరిజ వంగి చూసింది. "అవునమ్మా! నీకెట్ల తెలుసు?"

మీ అమ్మ తెగిన పోగొకటి ముడేసింది. "మీ అక్క సెప్పింది" అంది.

గంజి ఆరితే పోగులు అంటుకుంటాయని రోజూ తొందరపెట్టే మనిషి, ఆ రెండూ ఎగిరిపోయేదాకా నన్ను కుంచె వెయ్యనివ్వలేదు. పోగులు అంటుకుపోయాయి. ఒక్కొక్కటే విడదీశాను.

మీ నాయన