లాభం, రెండు, మూడు

బెళ్ళందూరు

ప్రియమైన అంజినత్తకు,

ఫోన్లో చెప్పడానికి భయమేసి ఉత్తరం రాస్తున్నాను. చదివాక పొయ్యిలో వేసెయ్.

దేశమంతటికీ వచ్చే కొత్త పాఠ్యప్రణాళికకు మూడో తరగతి పరీక్షలు మా ఆఫీసులోనే తయారవుతున్నాయని నీకు తెలుసు కదా. మొన్న నువ్వు పాఠాలు చెప్పే బడిలో మచ్చుకు పెట్టిన నోటిపరీక్షలో రాగులు కొలిచే ప్రశ్న నేను రాసిందే. మన పిల్లలకు తెలిసిన పని, కళ్ళు మూసుకుని చెప్పేస్తారని మురిసిపోయాను. నా బుద్ధి గడ్డి తిన్నది. గింజలు కొలిచేటప్పుడు తొలి శేరును "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టడం మన ఇళ్ళలో ఆచారమని రాసే నాకే గుర్తు రాలేదు. పిల్లలు "లాభం, రెండు, మూడు" అన్నారు. "ఒకటి" వినపడలేదని జవాబులు విని మార్కులేసే ట్యాబ్ అందరికీ సున్నా వేసింది.

మా పైఅధికారి మంజునాథ్ గారికి చెప్పాను. "ఒక ఊరి అలవాటుకని దేశం రూలు మారుస్తారేమమ్మా? ఇంకోసారి పెట్టి చూస్తాము" అన్నాడు. అందులోనూ తప్పితే మీ బడిని హైవే అవతలి బడిలో కలిపేస్తారు. పిల్లలు రోజూ ఆ లారీల రోడ్డు దాటాలి. ఒక్క పని చెయ్యత్తా. పిల్లలకు "ఒకటి" అనడం నేర్పించు.

నీ మేనకోడలు
అర్పిత

*

అత్తా,

మీ పిల్లలందరూ "ఒకటి" అన్నారట. బడి నిలిచింది. సంతోషించే లోపలే మీటింగులో మీ బడి మార్కులు తెరమీద వేశారు. "చూసినారా, ప్రశ్నలో తప్పేమీ లేదు. సరిగా నేర్పితే వస్తాది" అన్నాడు మంజునాథ్. ఆ ప్రశ్న ఇక మారదు. అక్కడి పిల్లలూ "లాభం" అనేసరికి మన పక్క ఊళ్ళ బడులన్నీ కలిపేసే జాబితాలో చేరిపోయాయి. వాటికి బెళ్ళందూరులో మేనకోడళ్ళు లేరు.

నిజం చెప్తే మీ పరీక్ష రద్దయి మీ బడి పోతుంది. చెప్పకపోతే వాళ్ళవి పోతాయి. నాకు చాలా భయంగా ఉంది. ఏం చెయ్యమంటావు?

అర్పిత

*

చిరంజీవి అర్పితను అత్త దీవించి రాయునది,

నువ్వేమీ చెయ్యనక్కర్లేదు. జవాబు నేనే ముందుగా నేర్పానని, ఎందుకు నేర్పానో కూడా వివరించి, సంతకం పెట్టి మీ ఆఫీసుకు రాసేశాను. నీ పేరు ఎక్కడా లేదు.

నిన్న కళ్ళంలో రాగులు కొలుస్తూ మా బడి పిల్ల ఒకతె "ఒకటి" అంది. వాళ్ళ తాత వెంకటగిరియప్ప శేరు కింద పెట్టేసి, "ఎవురు నేర్పినారమ్మా నీకు? లాభం అనకుండా గింజ ఇంట్లోకి పోతాదా?" అన్నాడు. ఆ పిల్ల నావైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వాళ్ళు ప్రశ్న మారుస్తారో, ముందు బడే మూస్తారో తెలియదు. మూసేలాగే ఉన్నారు. నిన్న ఎవరో వచ్చి గదులు ఫొటోలు తీసుకుపోయారు. మూస్తే నేనూ పిల్లలతో నడుస్తాను. హైవేకి ఇవతల అందరినీ నిలబెట్టి "లాభం, రెండు, మూడు" అని లెక్కపెడతాను. అవతలికి చేరాక మళ్ళీ లెక్కపెడతాను.

ఆ రెండు లెక్కలూ రోజూ సరిపోవాలని మొక్కుకో తల్లీ.

మీ అత్త
అంజినమ్మ