పెద్దత్తకు ఎక్కించిన సెలైన్

నాయనా, ఎలా ఉన్నావు? నువ్వు వెళ్లిపోయి ఏడేళ్లయింది. ఈరోజు నీకు చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది... సంతోషమైన మాటే.

మీ అక్కకు, అదే మా పెద్దత్తకు, నీలాగే పిత్తనాళంలో రాయి అడ్డుపడింది. కళ్లు పచ్చబడ్డాయి. నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చాం. నోట్లోంచి గొట్టం పంపి రాయి తీయాలనగానే మంచం దిగేసింది.

"మా తమ్మున్ని మింగిన గొట్టం నాకొద్దు" అని ఏడ్చింది.

నీకు జరిగింది అదే కదా... రాయి వచ్చేసింది, కానీ ఆ సాయంత్రానికి క్లోమం వాచి కడుపునొప్పి మొదలైంది. "నాలిక ఎండిపోతాండాది చిట్టీ, గుక్కెడు నీళ్లియ్యి" అన్నావు. నోటితో ఏమీ ఇవ్వకూడదన్నారు. నేనప్పుడు మెడిసిన్ రెండో ఏడు. నాకేం తెలుసు?

తర్వాత ఆ జబ్బు గురించే వెతికి వెతికి చదివాను. గొట్టం తగిలి రేగిన క్లోమానికి రక్తం సరిగా అందకపోతే వాపు ముదురుతుందట. ముందునుంచే నరంలోకి ద్రవం ధారాళంగా ఎక్కిస్తే ఆ ముప్పు తగ్గొచ్చట. అందరికీ ఆగుతుందన్న హామీ లేదు... మా పెద్ద డాక్టరుగారిని అడిగాను. పెద్దత్త గుండె, కిడ్నీలు పరీక్షించి సరేనన్నారు.

పెద్దత్తకు ఏదీ దాచకుండా చెప్పాను. "నువ్వు పక్కనే ఉంటావా?" అంది. ఉన్నాను. గొట్టం పంపకముందే సెలైన్ మొదలుపెట్టాం, రాయి తీశాక కూడా ఆపలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని మాటిమాటికీ స్టెత్ పెట్టి విన్నాను.

"ఏందిమే, నేనేమన్నా వరిమడినా? ఎన్ని నీళ్లు పెడతావు?" అని విసుక్కుంది.

తెల్లారాక పొట్ట నొక్కి చూశాను. నొప్పి లేదంది. రక్తపరీక్ష కూడా బాగుంది. ఇడ్లీ కావాలంది! నీకు అలాంటి ఉదయం ఎందుకు రాలేదు నాయనా...

పక్క మంచం ఆమె, ఈ డాక్టరమ్మ ఎవరని అడిగింది. పెద్దత్త వార్డంతా వినేలా చెప్పింది: "మా తమ్ముడి బిడ్డ! కోసపాళయం టైలర్ మునిసామి కూతురు!"

ఎన్ని పరీక్షలు పాసైనా అంత గర్వం నాకెప్పుడూ కలగలేదు.

ఆ ద్రవం సమయానికి అందితే నువ్వూ బతికేవాడివా? తెలియదు... కానీ ఇకమీదట నా చేతుల మీదుగా ఆ గొట్టం వేసే గదిలోకి వెళ్లే ప్రతి మనిషికీ, ఒళ్లు తట్టుకునేంత మేరకు, ముందుగానే ఎక్కిస్తాను. నీ మీద ఒట్టు.

నీ చిట్టి