మునిగిన బండికి కిక్కు కొట్టొద్దు

భద్రాచలం,
సెప్టెంబరు, మంగళవారం.

నాన్నకు నీ పెద్దకూతురు మహిమ వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల నేనిక్కడ క్షేమం. ఈ మాట అలవాటుకొద్దీ రాయలేదు, ఆలోచించుకొని రాశాను, కాబట్టి నమ్ము. మౌలాలిలో నువ్వు, అమ్మ బాగున్నారని, చెల్లి ఫ్లోరెన్స్, క్రిస్టోఫర్ మరిది పిల్లలతో కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్లకు ఆ నూనె రాస్తున్నావా, లేక సీసా ఇంకా అలమారలోనే ఉందా?

నీ ఉత్తరం శుక్రవారం అందింది. పెన్ను నొక్కి నొక్కి రాసినట్టున్నావు, రెండు చోట్ల కాగితానికి చిల్లు పడింది. సువర్ణ చూసి, "మీ నాయిన కాయితం మీద రాసిండా, రేకు మీద చెక్కిండా?" అంది. సువర్ణ ఎవరో అమ్మకు గుర్తు చెయ్యి. పాలిటెక్నిక్‌లో నాతోపాటు చదివిన పిల్ల, మనింటికి వచ్చినప్పుడల్లా అమ్మ చేతి చేపల పులుసు అడిగి మరీ తినేది. ఈ ఊరి పిల్లే. వాళ్ల నాన్న షెడ్డు ఖాళీగా ఉందంటేనే ఫిబ్రవరిలో నేను హైదరాబాద్ వదిలి ఇక్కడికి వచ్చాను. ఫోనుండగా ఉత్తరాలేంటని కూడా నవ్వింది. ఫోన్లో మనిద్దరం మూడో మాటకే గొంతు పెంచుతాం, ఆ తర్వాతి మాటకు నువ్వు కట్ చేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. మధ్యలో మడిచి పక్కన పెట్టొద్దు.

ఆదివారం పూజకు పోతున్నానా అని అడిగావు. పోతున్నాను. ఇక్కడి ఫాదర్ గారి బండి కూడా నా దగ్గరికే వస్తుంది. ఆయన బండికి బ్రేకులు తక్కువ, ప్రసంగానికి ఇంకా తక్కువ. తిండికి లోటు లేదు, రెండు పూటలూ సువర్ణ వాళ్లింట్లోనే. అమ్మ పులుల సంగతి కనుక్కోమన్నదట. నేను వచ్చిన ఈ ఏడు నెలల్లో పులి కనబడలేదు. కోతులు మాత్రం ఉన్నాయి, అవి బండ్ల సీట్లు చింపుతాయి. నాకు పని దొరికిందే తప్ప నష్టమేమీ లేదు.

"లోకమంతా బతకడానికి హైదరాబాద్ వస్తుంటే, నా బిడ్డ హైదరాబాద్ విడిచి అడవి దారి పట్టిందని పేటలో అందరూ నవ్వుతున్నారు" అని రాశావు. నవ్వనీ నాన్నా. నవ్వేవాళ్లలో ఒక్కరైనా ఆ బండ్ల షోరూములో ఆరేళ్లు నేను నిలబడ్డ చోట నిలబడ్డారా? ఆటోమొబైల్ డిప్లొమా చేసినదాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, తాళాలు తీసుకొని చిరునవ్వు ఇమ్మన్నారు. లోపల పనిలోకి పంపమని మేనేజర్ని ఎన్నిసార్లు అడిగానో నీకు తెలుసు. ఆయనొకటే మాట. "నీకేం తక్కువ చేసినం మహిమా? ఏసీల కూసున్నవ్. నువ్వు పోయి బండి కింద పండుకుంటే కస్టమర్లు ఏమనుకుంటరు?"

నాకు బండి కిందే కావాలి. డిపో క్వార్టర్లలో ఆదివారం పూట నీ స్కూటరు విప్పుకొని కూర్చున్నప్పుడు నా చేతికి పానా ఇచ్చింది ఎవరు? ఇచ్చినవాడివి నువ్వు. ఇప్పుడు చేతులు కడుక్కొని పెళ్లిచూపులకు కూర్చోమంటే ఎట్లా కూర్చుంటాను?

అడవి ఊళ్లో ఆడపిల్లకు బండి ఎవరిస్తారని నీ ఇంకో ప్రశ్న. నిజం చెప్తాను, మొదట్లో ఎవరూ ఇవ్వలేదు. చర్ల రోడ్డు మీద షెడ్డు, పైన నా పేరుతో బోర్డు, ముందర నేను. వచ్చినవాళ్లు నన్ను దాటి లోపలికి చూసేవాళ్లు.

"మెకానిక్ ఏడికి పోయిండమ్మా?"

"నేనే అన్నా."

"అట్ల కాదు, రిపేరు చేసేటాయన."

"రిపేరు చేసేదాన్ని నేనే."

ఒకాయన నా మాట వినకుండా, మగమనిషి వస్తాడని ముప్పావుగంట బల్ల మీద కూర్చొని వెళ్లాడు. ఎదురుగా శ్రీనివాస్ అనే ఆయన షెడ్డుంది, పాత మెకానిక్. నాకు వినబడేటట్టే అన్నాడు, "రెండు నెలల్ల షటర్ దించుకొని పోతది సూడుండ్రి." ఆ రెండు నెలలూ నాకు నిద్రలో కూడా ఆ మాటే. కానీ పొద్దున్నే షటర్ ఎత్తేదాన్ని. పని లేని రోజు సువర్ణ స్కూటీనే విప్పి మళ్లీ బిగించేదాన్ని. పాపం అది ఎన్నిసార్లు పుట్టిందో.

మొదటి బండి దూలయ్య తాతది. చర్ల వైపు ఊళ్లో మిరప వేస్తాడు. ఆయన పాత మోపెడును శ్రీనివాస్ తిప్పి పంపించాడు, తుక్కుకు అమ్ముకో అన్నాడట. తాత దాన్ని నెట్టుకుంటూ రోడ్డు దాటి నా ముందు నిలబెట్టాడు. నన్ను పైనుంచి కిందికి చూడలేదు, మెకానిక్ ఏడి అని అడగలేదు.

"నడుస్తదా బిడ్డా?"

"నడుస్తది తాతా."

"అయితే నడిపియ్యి" అని నీడన కూర్చున్నాడు. సాయంత్రానికి నడిచింది. ఆ తర్వాతి వారం ఆయన ఊరినుంచే ముగ్గురొచ్చారు. అట్లా మొదలైంది.

ఇక నీ ఉత్తరంలో అసలు సంగతి. వచ్చే ఆదివారం క్రిస్టోఫర్ మరిది కారు తీసుకొని వస్తారని, మల్కాజిగిరి సంబంధం వాళ్లు పిల్ల పని మానేస్తే చాలన్నారని, కాబట్టి సామాను సర్దుకొని ఉండమని రాశావు. ఆ మాట కిందే కాగితానికి చిల్లు పడింది.

నాన్నా, సర్దుకోవడానికి నా దగ్గర సామాను లేదు. గోదావరి తీసుకుపోయింది.

ఆగస్టులో నువ్వు టీవీ చూసి ఫోన్ చేశావు. "మీ దిక్కు నీళ్లు రాలేదు గదా?" అన్నావు. "మా వీధికి రాలేదు నాన్నా" అన్నాను. అప్పుడు నేను స్కూల్లో పెట్టిన పునరావాస శిబిరంలో, ప్లేటు పట్టుకొని అన్నం వరసలో నిలబడి ఉన్నాను. నా వెనక చంటిపిల్ల ఏడుస్తుంటే, సువర్ణ వాళ్ల బంధువుల పాప అన్నాను. నీతో అబద్ధం ఆడాను. చెప్తే వెంటనే బయలుదేరి వచ్చి నన్ను తీసుకెళ్లిపోతావని తెలుసు. ఆ స్థితిలో నువ్వు చెయ్యి పట్టుకుంటే నేనూ వచ్చేసేదాన్నేమో. అందుకే చెప్పలేదు.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. పైన వానలు పడ్డాయి. ఇక్కడ నీళ్లు నలభై మూడు అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక అంటారు, ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పుతారు. ఆ మైకు విని సువర్ణ పరుగెత్తుకొచ్చింది. "ముందు ఇల్లు సర్దుకుందాం రా మహిమా. కిందనుంది నీ ఇల్లు, జల్దీ మునుగుతది." నా కిరాయి ఇల్లు కరకట్టకు దగ్గర్లో, పల్లంలో ఉంది. షెడ్డులో చూస్తే తొమ్మిది బండ్లున్నాయి, ఒక్కటీ నాది కాదు. జనం నన్ను నమ్మి వదిలిపెట్టి పోయిన బండ్లు. ఇల్లు సర్దుకొని వచ్చేసరికి అవి మునిగితే, ఇంకెవరూ ఈ ఊళ్లో ఆడదాని చేతికి తాళం ఇవ్వరు.

"ముందు బండ్లు" అన్నాను.

"పిచ్చా ఏంది నీకు? నీ బట్టలు, నీ ఫ్రిజ్జు..."

"ముందు బండ్లే సువర్ణా."

తిట్టుకుంటూనే తోసింది. ఇద్దరం ఒక్కొక్కటే నెట్టుకుంటూ మెరక మీదున్న కాలేజీ గ్రౌండుకు చేర్చాం. అవయ్యాక చూస్తే ఎదురుగా శ్రీనివాస్ షటర్ మూసి ఉంది. పాల్వంచలో పెళ్లికి పోయాడట. బయట షెడ్డు కింద గొలుసు వేసిన బండ్లు నాలుగు. ఆయనకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పి, బండ్లు మెరకకు చేరుస్తానన్నాను. "తాళంచెవి కిటికీ మీద ఉన్నది" అన్నాడు. అవీ నెట్టాం.

అంతా ముగించి ఇంటికి పోయేసరికి వీధి మొదట్లోనే మోకాళ్ల లోతు. సర్టిఫికెట్లున్న సంచి, రెండు జతల బట్టలు, అంతే తీసుకోగలిగాను. మంచం, ఫ్రిజ్జు, కుట్టుమిషను, అమ్మ నాకోసం కుట్టిన బొంత, అన్నీ మునిగాయి. మిషను పోయినందుకు ఏడవలేదు, బొంతకు ఏడ్చాను. అమ్మకు ఈ ముక్క కూడా చదివి వినిపించు.

శిబిరంలో రెండో రోజు మాత్రం నా ధైర్యం చెడింది. బట్టలు ఆరవు, ఒళ్లంతా బురదవాసన. సంచి భుజానికి వేసుకొని బస్టాండు దాకా పోయాను. బ్రిడ్జి మీద రాకపోకలు ఆపేశారని పోలీసాయన వెనక్కి పంపించాడు. ఆపకపోతే ఆ సాయంత్రానికి మౌలాలిలో ఉండేదాన్ని. నేను నీకు చెప్పకుండా దాచాలనుకున్నది నీళ్ల సంగతి కాదు, ఇది. ఓడిపోయి వచ్చేస్తున్నదాన్ని ఒక బ్రిడ్జి ఆపింది. ఇప్పుడు ఆ బ్రిడ్జి తెరిచే ఉంది, రోజూ చూస్తున్నాను, పోవాలని లేదు.

నీళ్లు తీశాక ఊరంతా ఒండ్రు. ఇంట్లో అడుగుపెట్టక ముందే షెడ్డు దగ్గర మనుషులు. దూలయ్య తాత తన ఊరి బండ్లన్నీ ట్రాక్టరు మీద వేసుకొని వచ్చాడు. ఆ వెనక ఇంకొన్ని. ఒకతను మునిగిన బండిని అక్కడే కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. నాకు తెలియకుండానే అరిచాను, "కొట్టకు! ఇంజన్ల నీళ్లుంటయి, కొడితే రాడ్డు వంగుతది!" ఎవరి గొంతది నాన్నా? నీదే. వానాకాలం స్కూటరు దగ్గర నా వీపు మీద ఒకటి వేసి నువ్వు చెప్పిన మాట.

సువర్ణ పోయి మైకు ఆటోను తీసుకొచ్చింది. ఆ రోజంతా వీధివీధినా ఆ ఆటో అదే చెప్పింది. "మునిగిన బండికి కిక్కు కొట్టొద్దు. సెల్ఫ్ వత్తొద్దు. ముందు ప్లగ్గు తీసి, ఆయిలు వంపి, మెకానిక్కుకు చూపియ్యండి." పేటలో నవ్వుతున్నవాళ్లకు చెప్పు, మా నాన్న అంతోనయ్య మాట భద్రాచలమంతా మైకులో వినబడింది.

ఇప్పటికీ బురద ఇంజన్లు కడుగుతూనే ఉన్నాను. శ్రీనివాస్ నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. థాంక్స్ అన్న మాట ఆయన నోట రాలేదు. కానీ తన దగ్గర చోటు లేకపోతే వచ్చినవాళ్లకు రోడ్డు ఇవతలికి వేలు చూపిస్తాడు. "ఆ పిల్ల దగ్గరికి పోండి" అంటాడు. నాకది చాలు.

"ఏటేటా మునిగే ఊళ్లో ఎట్లా బతుకుతావు" అంటావు. హైదరాబాద్‌లో మన ఇల్లు మునగలేదా? తెల్లారి లేచేసరికి మురుగు నాలా నీళ్లు మంచం కోళ్లకు తగిలాయి, ఒక్కరు వచ్చి చెప్పలేదు, ఒక్కరు వచ్చి అడగలేదు. ఇక్కడివాళ్లు అంటారు, "గోదారి చెప్పకుండ రాదు" అని. చెప్పి వచ్చేదానితో నేను వేగగలను. ఇల్లు మారాను. ఈసారి మెరక మీద, కాలేజీ గ్రౌండు వెనక. షెడ్డుకు మూడేళ్లకు అగ్రిమెంటు రాసుకున్నాం, సంతకం నాది. మల్కాజిగిరి వాళ్ల నంబరు ఫ్లోరెన్స్ దగ్గర తీసుకొని నేనే మాట్లాడాను. పని మానను అని చెప్పాను, ఆలోచించి చెప్తాం అన్నారు. ఆలోచించుకోవాల్సిన పని లేదు, వద్దు అన్నాను. నీకు కోపం వస్తుంది, రానీ. చెప్పకుండా చేశానని అనొద్దు, ఇదిగో చెప్తున్నాను.

ఆదివారం నువ్వు రా. కానీ కారు వద్దు, తీసుకెళ్లడానికి మనిషీ లేదు, సామానూ లేదు. రైలెక్కు. పది రోజులకు సరిపడా బట్టలు, నీ కళ్లజోడు తెచ్చుకో. రిటైరై బాల్కనీలో కూర్చొని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు విని, దేనికి ఏ జబ్బో అమ్మకు చెప్తున్నావట కదా. ఇక్కడ నా దగ్గర చప్పుడే చెయ్యని బండ్లు వరసగా ఉన్నాయి. అమ్మకు మోకాలు తగ్గాక బస్సులో తీసుకొద్దాం.

రైల్లో చివరికి భద్రాచలం రోడ్ అని బోర్డు కనబడుతుంది. ఊరొచ్చిందనుకొని నడక మొదలుపెట్టొద్దు, అది కొత్తగూడెం. స్టేషన్ బయటే నిలబడు. నేను బండి తీసుకొని వస్తాను. హెల్మెట్ నీకూ ఒకటి తెస్తాను. నువ్వు వెనక కూర్చో, నడిపేది నేను.

ఇట్లు,
పానా కింద పెట్టని నీ పెద్దకూతురు,
మహిమ