మేడం కొంగు పట్టిన వాయనం

జూలై 18, శుక్రవారం

నా అక్షరాలు వంకరగా ఉంటాయి. ఏడో తరగతితో బడి ఆగిపోయింది. తప్పులుంటే మన్నించాలి. ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియదు.

ఈరోజు విచారణకు వెళ్లాను. తుర్కయంజాల్‌లో నాన్న నాకిచ్చిన ప్లాటు కేసుకు చక్రపాణి వకీలును పెట్టుకుంటే, తెల్లకాగితం మీద సంతకం తీసుకుని, నేను రాజీ పడ్డానని కోర్టులో చెప్పి, ప్లాటు అవతలివాళ్లకు వదిలేశాడు. ఆయన మీద బార్ కౌన్సిల్‌లో కంప్లైంట్ ఇచ్చాను. విచారించడానికి ముగ్గురిని వేశారు. వాళ్లలో ఒకరు లలితకుమారి మేడం. నేను కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. మిగతా ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు. మేడం మాత్రం, కూర్చో అమ్మా, నీళ్లు తాగు, ఇంట్లో ఎట్ల మాట్లాడతావో అట్లనే చెప్పు అన్నారు.

చెప్పాను. నా పెళ్లయ్యాక అంతసేపు నేను మాట్లాడింది ఈరోజే.

ఆగస్టు 8, శ్రావణ శుక్రవారం

ఇంటి ఓనర్ అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్ గుడికి తీసుకుపోయింది. పూజ అయ్యాక వరుసలో కూర్చున్న ముత్తైదువలకు వాయనం ఇస్తూ వెళ్తున్నాను. బొట్టు పెట్టడానికి వంగితే ఎదురుగా లలితకుమారి మేడం. పక్కావిడ వైపు జరగబోయాను. ఏందే, ముత్తైదువను దాటిపోతవా, పెట్టు పెట్టు అని అండాలమ్మ వెనక నుంచి గదిమింది. పెట్టాను. మేడం కూడా కాస్త తటపటాయించి కొంగు పట్టారు. పసుపు కుంకుమ వద్దని ఎవరంటారు?

కొన్న రవికె గుడ్డలు అప్పటికే అయిపోయాయి. తక్కువైతే ఉంటుందని సంచిలో వేసుకున్న నా పెళ్లి చీర రవికె గుడ్డే ఆమెకు దక్కింది. కుట్టించకుండా దాచుకున్నది. నెమలికంఠం రంగు.

ఇంటికొచ్చి మా ఆయన జితేందర్‌కు ఒక్కడికే చెప్పాను. పడీ పడీ నవ్వాడు. జడ్జికే జాకిట్ ముక్క పెట్టినవా, ఇగ కేసు గెలిచినట్టే పో శ్రీకళా అన్నాడు. నేనూ నవ్వాను.

ఆగస్టు 13

మా ఆయన క్యాబ్‌తో గుద్దిన కేసు ఎల్బీ నగర్ కోర్టులో ఉంది. కొత్త వకీలు దొరికాడట. ఎవరంటే, నీకెందుకే, పెద్ద వకీలు అన్నాడు.

ఆగస్టు 29, శుక్రవారం

ఈరోజు విచారణలో చక్రపాణి లేచి, మేడం ఈ కమిటీలో ఉండకూడదండీ అన్నాడు. కంప్లైంట్ ఇచ్చినావిడ దగ్గర గుళ్లో కానుక తీసుకున్నారండీ, మామూలు గుడ్డ కూడా కాదు, పెళ్లి చీర తాలూకు రవికె గుడ్డ, అంత దగ్గరితనం ఉందండీ ఇద్దరికీ అన్నాడు.

మేడం, తీసుకున్నది నిజమే అన్నారు. ఆమెను తప్పించారు. వెళ్తూ నా వైపు చూడలేదు. ఇంకొకరిని వేస్తారట. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలట.

గుడ్డను గుళ్లో అందరూ చూసి ఉంటారు. అది నా పెళ్లి చీరదని ఒక్కడికే తెలుసు.

ఆగస్టు 30

మా ఆయనను అడిగాను. నా కేసుల గా చక్రపాణి వకీలే నిలబడుతుండు, లైసెన్సు పోతే బండి పోతది, బండి పోతే ఏం తింటం, నీ మేడం పోతే ఇంకో మేడం ఒస్తది అన్నాడు.

అన్నం పెట్టాను. తిన్నాడు. చారులో ఉప్పు తక్కువైందన్నాడు.

సెప్టెంబర్ 3

మేడం కాళ్లు పట్టుకుని క్షమించమని అడగాలని ఉంది, అడిగితే అదీ ఒక కేసవుతుంది.

సెప్టెంబర్ 18

రేపు వాయిదా. కొత్తగా ఎవరిని వేశారో తెలిసింది. ఆ పేరు ఇక్కడ కూడా రాయను. ఇంట్లో మాత్రం రేపు చంపాపేట్ మార్కెట్‌కు పోతున్నానని చెప్పాను.

ఇది ఎవరికైనా దొరికితే కాల్చేయండి. జితేందర్, నీకే దొరికితే ముందు మీ వకీలుకు చదివి వినిపించి రా. తర్వాత కాల్చు.