మా ఆవిడ చేప తినదు

మార్చి 3
ఆయన పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. పక్కింటి అక్క పంపే క్యారేజీలు నిన్నటితో ఆగాయి. ఎన్నాళ్లని పంపుతుంది పాపం.

నేనూ బుడంకాయ్ సూపర్ మార్కెట్‌కి వెళ్లాం. కూతురికి ఆ పేరు పెట్టింది ఆయనే. పదేళ్లొచ్చినా పోలేదు. ఈ దేశం వచ్చి పదకొండేళ్లు. బయట మాట్లాడేది ఆయన, ట్రాలీ తోసేది నేను. ఇవాళ లేబుళ్లు అది చదివింది. పెరుగనుకుని తెచ్చింది తీరా చూస్తే తీపి క్రీమ్. అన్నంలో కలుపుకుని తినేశాం.

మార్చి 4
ఏమీ లేదు. గిన్నెలు తోమాను.

మార్చి 8
అన్నయ్య ఫోన్. టికెట్లు తీస్తాను, సామాను సర్దుకోండి, భాష రాని చోట ఒక్కదానివి ఏం నెగ్గుకొస్తావ్ అన్నాడు. ఊఁ అన్నాను. ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పెయ్ అన్నాడు. దానికీ ఊఁ. గంగిరెద్దు నయం.

బుడంకాయ్ అంతా వింది. నన్నెవరూ అడగరా అంది. ఊఁ అన్నాను.

మార్చి 12, సాయంత్రం 6
ఎన్నాళ్లిలా గోడలు చూస్తూ కూర్చుంటారు, పదండి అని అక్క మమ్మల్ని రెస్టారెంట్‌కి లాక్కెళ్లింది. వెయిటర్ నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోగా బుడంకాయ్ అందుకుంది, అమ్మ చేప తినదని. ఈ భాషలో నాకు కంఠతా వచ్చిన మాట అదొక్కటే. ఎక్కడికెళ్లినా ముందు ఆయన అదే చెప్పేవారు. మా ఆవిడ చేప తినదు.

తింటానే, అన్నాను.

దాని మొహం పాలిపోయింది. అయితే నాన్న అబద్ధం చెప్పారా అంది. లేదే, నాన్నకి ఆ వాసన పడదు, పెళ్లయ్యాక నేనే మానేశాను, నేను తిననని ఆయన అనుకున్నారు అన్నాను. మరి నువ్వెందుకు చెప్పలేదు అంది.

పదమూడేళ్లు. ఒక్క మాట చాలు. కానీ ఆయన మెనూ మీద వేలు పెట్టి, నాకోసం చేప లేనిది ఏముందా అని పై నుంచి కింది దాకా వెతికేవారు. అది చూస్తూ చెప్పబుద్ధయ్యేది కాదు. ఈ సంగతి దానితో అనలేదు. నూడుల్స్ వచ్చాయి. తిన్నాను. రుచి తెలియలేదు.

మార్చి 15
అన్నయ్యకి నేనే ఫోన్ చేశాను. టికెట్లు వద్దన్నాను. ఈ మాటలెవరు నేర్పారు అన్నాడు. ఎవరూ లేరన్నాను. అక్క పనిచేసే లాండ్రీలో నన్ను సోమవారం నుంచి రమ్మన్నారని చెప్పాను. సరే నీ ఇష్టం అన్నాడు.

నా ఇష్టం అంటే ఎలా ఉంటుందో.

మార్చి 18, ఉదయం
చేపల కౌంటర్. ఒక్కదాన్నే వెళ్లాను. తల తీసేయాలా అని అతను కత్తి చూపించాడు. వద్దనడానికి మాట దొరక్క నా తల రెండు చేతులతో పట్టుకున్నాను. నవ్వాడు. తలతోనే ఇచ్చాడు.

మధ్యాహ్నం
ముళ్లు తీసి పెట్టాను. బుడంకాయ్ రెండు ముద్దలు తింది. లేచి వెళ్లి కిటికీలన్నీ తెరిచింది. నాన్నకి పడదుగా అంది.

చలిలో కూర్చుని తిన్నాం.