పెద్దమ్మ కిటికీలో పెట్టిన దీపం

పెద్దమ్మకి నమస్కారాలు.

ఫోన్లో నీకు సగం మాటలు వినపడవు కాబట్టి రాస్తున్నాను. అమ్మకీ నీకూ మాటల్లేకపోయినా నాకు కిటికీ ఇచ్చావు, చాలా సంతోషం. నేను పెట్టిన దీపం కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతూ ఉంటుంది. ఆ మినుకుల్లోనే కబురు వస్తుంది. రోడ్డుకి ఇవతల మా ల్యాబ్‌లో ఉన్న సెన్సర్ వెలుతురుని రేణువు రేణువుగా లెక్కపెట్టి ఆ కబురు చదువుతుంది. చీకటి పడగానే స్విచ్ వెయ్యి, చాలు.

ఇట్లు,
నీ చెల్లెలి కూతురు

తా.క.: దీపం మీద తడిబట్టలు ఆరెయ్యకు.

&nbsp;

అమ్మడికి పెద్దమ్మ దీవెనలు.

రోజూ స్విచ్ వేస్తున్నాను. మొదటిరోజు కాస్త బిడియమేసింది గానీ ఇప్పుడు అలవాటైపోయింది. ఫోన్‌కన్నా ఇదే నయం. నేను పంపేవన్నీ అందుతున్నాయా? రేణువులు లెక్కపెట్టే ఆయనెవరో గానీ, కళ్ళు జాగ్రత్తని చెప్పు.

నీ పెద్దమ్మ

తా.క.: నిన్న మధ్యలో దగ్గాను. దాన్ని కబురనుకోవద్దను.

&nbsp;

ప్రియమైన పెద్దమ్మా,

అన్నీ అందుతున్నాయి! ఒక్క ముక్క కూడా పోలేదు. నీ దగ్గు సంగతికి ల్యాబంతా పడీపడీ నవ్వాం. ఇక నుంచి ఇంకా తగ్గించి పంపు. వెలుతురు ఎక్కువైతే మా సెన్సర్ ఉక్కిరిబిక్కిరైపోతుంది, ఎంత తక్కువైనా మాత్రం పట్టేస్తుంది. అమ్మ కూడా రోజూ సాయంత్రం వచ్చి దాని పక్కనే కూర్చుంటోంది. ఇటునుంచి జవాబిచ్చే ఉద్దేశం మాత్రం ప్రస్తుతానికి లేదు.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: జవాబు సంగతి ఈ ఏడాదికి అడగనే వద్దన్నారు.

&nbsp;

అమ్మడికి,

మీ అమ్మ పక్కనే కూర్చుని అంతా వింటోందన్నమాట. విని కూడా జవాబివ్వదన్నమాట. మా అమ్మ కుట్టుమిషను నేనే ఉంచేసుకోవడం తప్పేనని చెప్పాను. ఒక్కసారి వచ్చి నా పక్కన కూర్చోమన్నాను. ఇల్లు ఖాళీ చేసి దూరంగా స్నేహితురాలి ఊరికి పోతున్నానని, ఆదివారం లారీ వస్తుందని కూడా చెప్పాను. ఇంకా తగ్గించమన్నావు. దీపానికి దగ్గరగా జరిగి గుసగుసగా చెప్పాను. ఇంతకన్నా తగ్గడం నావల్ల కాదు.

లారీ కదిలేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. దీపం వాచ్‌మన్ దగ్గర పెట్టాను, తెచ్చుకో. కొత్త చిరునామా కవరు మీద ఉంది.

నీ పెద్దమ్మ

తా.క.: దగ్గితే నవ్వారు, సరే. ఏడిస్తే కూడా నవ్వారా?

&nbsp;

పెద్దమ్మా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆ దీపానికి చెవుల్లేవు. మైకు లేదు. మేం ముందే ఎక్కించిన ఒకట్లూ సున్నాలూ పంపడం తప్ప దానికేమీ రాదు. నువ్వు చెప్పిన ఒక్క మాట కూడా మాకు చేరలేదు. తగ్గించమన్నది దీపం వెనక మీటతో వెలుతురుని, నీ గొంతుని కాదు; జవాబు లేదన్నది మా యంత్రం సంగతి, అమ్మ మాట కాదు. దగ్గు సంగతి నువ్వు సరదాకి రాశావనుకున్నాం. నేను ఒక్కసారి రోడ్డు దాటి వచ్చినా తెలిసిపోయేది. ఎదురుగానే ఉన్నావు కదా, ఎప్పుడైనా రావచ్చులే అనుకున్నాను.

అమ్మ రోజూ వచ్చి, తెర మీద పరుగెడుతున్న అంకెలు చూస్తూ "మా అక్క దీపం ఏమంటోందే?" అనేది.

"ఏమంటుందమ్మా, ఉత్త అంకెలు."

"నా గురించేమీ లేదా?"

నేను నవ్వేసి నా పని చూసుకున్నాను. ఆదివారం సాయంత్రం నీ కిటికీ వెలగలేదు. "స్విచ్ వెయ్యడం మర్చిపోయినట్టుంది, పోయి చెప్పిరానా?" అంది. అక్కర్లేదన్నాను.

నీ ఉత్తరం చదివి వినిపించాను. పక్కన కూర్చోమన్న చోట ఆపి, మళ్ళీ చదవమంది. అది విని, "ఎదురుగా ఉన్నన్నాళ్ళూ నేనే పోవచ్చు కదే" అంది.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లని
నీ అమ్మడు

తా.క.: అమ్మ సంచి సర్దుకుంది. ఆ మోకాళ్ళతో అంత దూరం బస్సు ప్రయాణం వద్దన్నారు డాక్టరు. "ఆయనకి అక్క ఉందో లేదో కనుక్కో" అంటోంది. సంచి ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. తియ్యనివ్వడం లేదు.