ఆరబెట్టిన బరువు

అక్కా,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో! ఫోన్ చేస్తే నా గొంతు విని కనిపెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. నాకు భయంగా ఉంది. మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. 

నా పరిశోధన అంతా ఆ మేత పట్టికే కదా, ఏ ఆవుకి పాతరగడ్డి ఎంత, దాణా ఎంత అని. గోతిలో పచ్చిగా పాతరేసిన గడ్డి కదా, అందులో మూడింట రెండు వంతులు నీరే. అందుకని మేం పిడికెడు తీసి ఓవెన్‌లో ఆరబెట్టి, ఆ ఆరిన బరువుతో లెక్కలు వేస్తాం. ఆవు ముందు వేసేటప్పుడు నీటి బరువు మళ్లీ కలిపి మూడింతలు తూచాలి. నేను కలపలేదు అక్కా. ఆరిన బరువునే పట్టికలోకి ఎక్కించేశాను. మా కాలేజీ కొట్టంలోని పన్నెండు ఆవులకీ నాలుగు నెలలుగా పడాల్సిన గడ్డిలో మూడో వంతే పడింది, దాణా మాత్రం నిండుగా పడింది. మొదట్లో పాలు పెరిగాయి. అందరూ భుజం తట్టారు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మేత వేసే పెద్దాయన రెండో వారంలోనే అన్నాడు, "ఇవి నెమరు సరిగ్గా వేయట్లేదమ్మా, చూశారా?" అని. "పాలు చూడు బాబాయ్, పాలు!" అని నవ్వేశాను. తర్వాత పదకొండో నంబరు ఆవు కుంటింది. రిజిస్టరులో "తడి నేల మీద జారింది" అని రాశాను. అది జారడం నేను చూడలేదు. ఇప్పుడది లేవడమే లేదు. గిట్టలు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. దాణా ఎక్కువైతే పొట్ట పులిసి, ఆ విషం గిట్టల్లోకి దిగుతుందని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేనే. దగ్గరికి వెళ్తే తల తిప్పి నావైపు చూస్తుంది. వెంటనే బయటికి వచ్చేస్తున్నాను.

గురువారం ఆ పట్టిక అచ్చుకి వెళ్తుంది, మూడు వందల మంది పాడి రైతుల కోసం. చెప్దామని రెండుసార్లు గైడు గారి గది దాకా వెళ్లి, గుమ్మంలోంచే తిరిగొచ్చాను. చెబితే ఐదేళ్ల చదువు మట్టిలో కలిసిపోతుంది. నాకున్న ధైర్యమల్లా నీ ఎనిమిది ఆవులే. మూడు నెలలు అదే పట్టికతో మేపావు. ఒక్కటీ కుంటలేదని, పాలు పెరిగాయని వారం వారం లెక్క పంపావు. ఆ లెక్కలే నా థీసిస్‌లో చివరి అధ్యాయం. అంటే పట్టికతో ఫరవాలేదేమో, పదకొండో నంబరు నిజంగానే జారిందేమో. నీ ఆవులు బాగానే ఉన్నాయని ఆ ఒక్క మాట రాయవూ? ఇక గైడు గారి దగ్గర నోరెత్తను.

నీ లెక్కలపిల్ల

*

ఒసేయ్ లెక్కలపిల్లా,

పాలక్యాను పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. గురువారం లోపు నీకు అందాలని మీ బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను. నువ్వడిగిన మాట నేను రాయలేను.

నీ పట్టికని నేను రెండంటే రెండు రోజులు పాటించాను. మూడో రోజు పొద్దున పేడ నీళ్లలా ఉంది. మా కపిల ఆవు పక్కన కూర్చుని లెక్కపెట్టాను, ముద్దకి యాభైసార్లు పైగా నమిలేది ముప్ఫై దాటడం లేదు. "ఆ కాగితం సంగతి నాకనవసరం, వీటికి గడ్డెయ్యి" అన్నాడు మీ బావ. వేశాను. మరి నీకు పంపిన లెక్కలంటావా? ప్రతి ఆదివారం పొయ్యి దగ్గర కూర్చుని నేనే అల్లాను. ఒక వారం అర లీటరు, ఇంకో వారం పావు లీటరు పెంచాను, ఒకేలా ఉంటే నీకు అనుమానం వస్తుందని. నువ్వు ఫోన్లో అంత సంబరపడుతుంటే, నీ కాగితం కంటే నా ఆవులనే నమ్మానని చెప్పడానికి నోరు రాలేదు. చెల్లెలి చదువుకి సాయం చేస్తున్నాననుకున్నాను. నీ గొయ్యి నేనే తవ్వానని ఇప్పుడు తెలిసింది. 

ఆ మూడు వందల ఇళ్లలో నాలా పట్టిక పక్కన పడేసేవాళ్లు ఎంతమంది ఉంటారే? చదువుకున్నవాళ్లు రాశారని చాలామంది కళ్లు మూసుకుని వేస్తారు. ఈ ఉత్తరం పట్టుకెళ్లి మీ సారుకి చూపించు. తప్పు మా అక్కదని కూడా చెప్పు.

మీ అక్క

*

అక్కా,

బుధవారం పొద్దున వెళ్లాను. గైడు గారు నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మడతపెట్టి, నావైపు తోశారు. "ఇది ఇంకెవరైనా చూశారా?" అన్నారు. నెమ్మదిగానే అడిగారు.  లేదని చెబితే ఆ ఉత్తరం అక్కడే మాయమవుతుందని నాకు అర్థమైంది. "వచ్చేదారిలో అచ్చాఫీసులో ఒక కాపీ ఇచ్చి, పని ఆపమని చెప్పి వచ్చాను సార్" అన్నాను. 

పట్టిక ఆగింది. నా సంగతి సోమవారం కమిటీ తేలుస్తుంది. తీసేస్తారేమో. అడుగడుగునా భయంగానే ఉంది, నీ మీద కోపంగానూ ఉంది, నా మీద ఇంకా ఎక్కువ.

గడ్డి మూడింతలు చేసి నాలుగు రోజులైంది. ఇవాళ మధ్యాహ్నం పదకొండో నంబరు లేచి నిలబడి నెమరు వేసింది. "చూశారా?" అన్నాడు పెద్దాయన, అప్పటి మాటే. ఈసారి పక్కన కూర్చుని చూశాను. వేలు మడుస్తూ లెక్కపెట్టాను. ముద్దకి ముప్ఫై ఎనిమిది. యాభై దాటాలి. రిజిస్టరులో "జారింది" అన్నది కొట్టేసి సంతకం పెట్టి, దాని కింద ముప్ఫై ఎనిమిది అనే రాశాను.

నీ చెల్లెలు